సైకిల్ వెనుక కూర్చున్న మనిషి

డిండోలి, సూరత్
జూన్ 9

ప్రియమైన నా బిడ్డ సంతోషికి, మీ బాపు రాజనర్సు ఎంతో సంబరంగా రాస్తున్న ఉత్తరం.

ఫోనులో నువ్వు మాట్లాడేది నాకు ఈగ చప్పుడంత కూడా వినిపించదు. నలభై ఏళ్లు మగ్గాల మోత విన్న చెవులు మరి. కాగితం మీదైతే నువ్వు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్లే ఉంటుంది.

మంచి సంగతి ఏమిటంటే, సేటు నన్ను పని మానేయమనలేదు. మగ్గం నడపొద్దు, నేసిన బట్టలో మరకలు, తెగిన పోగులు చూస్తే చాలన్నాడు. "కాన్ గయే తో క్యా హువా, ఆంఖ్ తో హై నా" అన్నాడు. చెవులు పోతేనేం, కళ్లున్నాయి కదా అని. అరవై ఆరేళ్లకు ఇంత మర్యాద ఎవరికి దొరుకుతుంది? రోజూ ఉధ్నాలోని కారఖానా దాకా నా సైకిలే. మొన్న వెనుక నుంచి ఒక టెంపో హారన్ కొట్టిందట, నాకు తెలియలేదు. మడ్‌గార్డు వంగింది, మోచేయి గీరుకుంది, అంతే.

నీ క్షేమం కోరే
బాపు

సిరిసిల్ల
జూన్ 16

ప్రియమైన బాపుకు,

నువ్వు "అంతే" అని రాసిన చోటే నాలుగుసార్లు చదివాను. హారన్ వినపడని మనిషి ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కడమేంది బాపూ? షేర్ ఆటోలో పో. మాట వినకపోతే దసరా సెలవులకు నేనే వచ్చి, పని మాన్పించి, నన్ను కన్న మీ ఇద్దరినీ, నిన్నూ అవ్వనూ, ఇక్కడికి తీసుకొస్తాను. నువ్వు అలిగినా సరే.

కోపంగా,
సంతోషి

డిండోలి
జూన్ 24

ప్రియమైన నా బిడ్డకు,

నీ కోపం చూసి ఎంత మురిసిపోయానో. చిన్నప్పుడు కూడా కోపమొస్తే అక్షరాలు లావుగా రాసేదానివి.

షేర్ ఆటో ఎక్కాను. డ్రైవర్ ఏ చౌరస్తా పేరు పిలిచాడో వినపడక రెండు రోజులు రెండు తప్పు చోట్ల దిగాను. పోనీలే. నీకు మాట ఇస్తున్నాను, ఇక ఒక్కణ్ణే సైకిల్ ఎక్కను. నీ మీద ఒట్టు. ఇప్పుడు వేరే ఉపాయం దొరికింది. పనికి పోవడం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నేళ్లు తెలియలేదు. అదేమిటో రాద్దామంటే మీ అవ్వ వద్దంటోంది.

ఇట్లు, సంతోషం పట్టలేని
మీ బాపు

సిరిసిల్ల
జూలై 10

బాపూ,

చీరల దుకాణం ప్రణయ్ సరుకు కోసం సూరత్ వచ్చి వెళ్లాడు. ఉధ్నా రోడ్డు మీద నిన్ను చూశాడట. సైకిల్ తొక్కుతున్నావట. వెనుక ఎవరో ఆడమనిషి ముఖమంతా కొంగు చుట్టుకుని, నీ భుజం మీద చెయ్యి వేసి కూర్చుందట. "మీ బాపు మంచి షోకు మీదున్నడక్కా" అని ఒకటే నవ్వు.

అవ్వకు ఫోన్ చేస్తే "నన్నేం అడగకు, మీ బాపునే అడుగు" అని పెట్టేసింది. అవ్వ ఎప్పుడూ అట్లా పెట్టేయదు. నా మీద ఒట్టు పెట్టిన మనిషివి. ఎవరామె? దసరా దాకా ఆగేట్టు లేను, నిజం రాయి.

సంతోషి

డిండోలి
జూలై 17

ప్రియమైన నా బంగారు బిడ్డకు,

ఆమె మీ అవ్వ లలితమ్మే. పెళ్లయి నలభై మూడేళ్లయినా నా సైకిల్ ఒక్కసారీ ఎక్కని మనిషి. కొత్తలో రమ్మంటే "అత్త జూస్తది" అంది. తర్వాత "పిల్లలు జూస్తరు" అంది.

జూన్‌లో నీ కోపం ఉత్తరం చదివి వినిపించాక నన్ను ఆటోకే పొమ్మంది. నా ఆటో సంబరం రెండు రోజులు చూసింది. మూడో రోజు పొద్దున తనే సైకిల్ బయటికి తీసి, నా ముఖానికి ఎదురుగా నిలబడి పెదవులు తెలిసేలా చెప్పింది. "నేను ఎనుక కూసుంట. మగ్గాల కాడ ఎట్ల జెప్పుకునేటోళ్లమో గట్లనే జెప్త."

మీ అవ్వ నా మగ్గాల పక్కనే దారం కండెలు చుట్టిన రోజుల్లో, ఆ మోతలో మాటలు వినపడవు కదా, నా కుడి భుజం తడితే కుడి మగ్గం మీద దారం తెగిందని, ఎడమది తడితే ఎడమ మగ్గమని. చొక్కా లాగితే ఆపమని. ఇప్పుడు కుడి భుజం తడితే కుడి పక్క నుంచి బండి వస్తోందని. చొక్కా లాగితే బ్రేకు. కారఖానా పక్కనే చీరల దారపు కొసలు కత్తిరించే పనికి కూడా చేరింది. నలుగురూ నవ్వుతారని ముఖం కప్పుకుంటుంది, నీకు రాయనివ్వనిదీ ఆ సిగ్గుతోనే. ఆమె రాని రోజు నేను సైకిల్ తాళం తీయను, నడిచే పోతాను. ఇంత చెప్పినా నీకు భయమైతే చెప్పు, రేపే అమ్మేస్తాను. మళ్లీ సైకిల్ మాట ఎత్తను.

అయితే ఒక్క సంగతి విను. నిన్న సాయంత్రం వస్తుంటే కుడి భుజం తట్టింది. పక్కకు జరిగాను, ఏ బండీ దాటిపోలేదు. మళ్లీ తట్టింది. ఆపి, వెనక్కి తిరిగి, ఏమొస్తోందని అడిగాను. కొంగు కిందికి దించి చెప్పింది.

"ఏమొస్తలేదు. ఊకెనే తట్టిన. నడు."

ఇట్లు, మీ అవ్వకు ముందు కూర్చుని తొక్కే
బాపు