ఉగాది దాకా ఆగిన పొట్టేళ్లు

కర్నూలు,
జనవరి 11

నాయనా,

రబ్బానీ మామ టీ అంగట్లో కూర్చుని ఈ ఉత్తరం వింటుంటావు. మామా, ఇక్కణ్ణుంచి కాస్త గొంతు తగ్గించి చదువు. ఫోన్లో ఈ సంగతి ఎత్తగానే, ఆడపిల్ల మాట్లాడే మాటేనా ఇది అని పెట్టేశావు కదా నాయనా, అందుకే రాస్తున్నాను.

పొట్టేళ్లు గొర్రెల మీదికి పోకుండా పొట్ట కింద కట్టిన గుడ్డలు ఈ నెలలో విప్పొద్దు. ఉగాది దాకా ఆగు. ఇప్పుడు విప్పితే ఐదు నెలలకు, జూన్‌లో ఈనుతాయి. తాత కాలంలో అప్పటికి వాన పడి కొండ కింద బీడంతా పచ్చబడేది. ఈ నాలుగేండ్లుగా ఆగస్టు దాకా గడ్డి మొలవడం లేదు. ఉగాదికి విప్పితే గడ్డి వచ్చాకే, ఆగస్టు చివర్లో ఈనుతాయి. పోయినేడు తల్లులకు పాలు లేక పిల్లలు చచ్చిపోతుంటే, నాకు కనబడకుండా వాటిని కంబళిలో చుట్టి మోసుకుపోయావు. నేను చూశాను. ఈ యేడూ అట్లే అయితే మంద అమ్మేసి ఓర్వకల్లు ఫ్యాక్టరీలో కాపలాకు పోతానని అమ్మతో అన్నావట. నువ్వు ఆ మంద వెనక నడిచి నన్ను చదివించావు. దాన్ని పోనివ్వకు. ఈ ఒక్కసారి నా మాట విను.

నీ జ్యోతి

కర్నూలు,
సెప్టెంబర్ 6

నాయనా,

వేసవి సెలవులు అయినప్పటి నుంచి నీకు ఫోన్ చేయడానికి ముఖం చెల్లలేదు. నా మాట విని నువ్వు ఆగితే, ఈ యేడు జూన్ మొదట్లోనే వాన కుమ్మరించింది. మోకాలెత్తు గడ్డి, దాంట్లో గంతులేసే పిల్ల ఒక్కటీ లేదు. "జ్యోతి సదువు శానా గొప్పది, పొట్టేళ్లతో గూడా ఉపవాసం చేయించింది" అని సుంకమ్మత్త ఊరంతా నవ్వించిందట. నువ్వు మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

నిన్న రబ్బానీ మామే నాకు ఫోన్ చేసి నీ చేతికిచ్చాడు. జూలైలో వాన ముఖం చాటేసినా అప్పటికే తల్లులు కడుపునిండా మేసి ఉన్నాయని, ఆగస్టు చివర్లో ఈనితే ఒక్క పిల్లా పోలేదని, మళ్లీ వానలు పట్టుకున్నాయని చెప్పావు. నా అంచనా తప్పింది కదా నాయనా అన్నాను.

"తప్పితే తప్పిందిలేమ్మా. వాన ఎప్పుడొస్తాదో నాకూ తెల్దు, నీకూ తెల్దు. పొదుగులు మాత్రం నిండుగా ఉండాయి. కాపలా పనికి రానని చెప్పేసినా" అన్నావు.

ఫోన్లో ఒక సంగతి చెప్పకుండానే పెట్టేశాను. పరీక్షలు కాగానే ఇంటికి వస్తాను. సెలవులకు కాదు, ఉండటానికి. అమ్మకు నువ్వే నచ్చజెప్పాలి, నాకు భయం. వచ్చే యేడు పొట్టేళ్లను ఎప్పుడు వదలాలో మనిద్దరం పోట్లాడుకుని తేల్చుకుందాం.

నీ మందలో ఒకతె,
జ్యోతి