కట్టులో వెండి

బాన్సువాడ

విఠల్ బావకు,

రెండు రోజులుగా ముసురు. నాట్లు ఆపి ఇది రాస్తున్నాను.

అవ్వ కాలి పుండుకు సన్నటి వెండి రేణువులున్న కట్టు వేసి, మూడు రోజులు విప్పొద్దని డాక్టరు చెప్పాడు. చూడవచ్చిన మీరు మర్నాడే అది విప్పి కంసాలి దగ్గరికి పట్టుకెళ్లారు. "గింత వెండి గూడ లేదు, డాక్టర్ ముంచిండు" అని ఊరంతా చాటారు. అంతసేపూ పుండు మీద ఈగలు ముసిరాయి.

ఆ వెండి కంటికి కనబడనంత సన్నగా ఉంటుందట. అది చెప్పి నర్సు, "మీ బావ తెలివి గూడ గంతేనా?" అని అడిగింది. కాదనలేకపోయాను.

పుండు చీము పట్టింది. బొటనవేలు తీసేయాలంటున్నారు. "అల్లుడు మంచికే చేసిండు" అని అవ్వ ఇంకా అంటోంది. నేను అనను. మీరిక చూడటానికి రావద్దు.

వేలు తీయించడానికి అవ్వను తీసుకొని మా అక్క పొద్దున ఏడింటి బస్సుకు నిజామాబాద్ ఆసుపత్రికి వెళ్లింది.