దిగే ముందు పాలు

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నీ కొడుకు మళ్ళీ బొగ్గు బాయిలోకి దిగాడు. మూడు నెలల కింద బాయిలో తన పక్కనే పైకప్పు కూలినప్పటి నుంచి అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే చూడలేక, వణుకు తగ్గుతుందని నీ డబ్బాలోని పెన్నేరుగడ్డ పొడి, అదే అశ్వగంధ, రెండు చెంచాలు పాలలో కలిపి ఇచ్చాను. నేను స్నానం చేసి వచ్చేసరికి గ్లాసు ఖాళీ. అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పది గంటలకు పక్కింటామెకు తోడుగా దవాఖానకు వెళ్ళి, డాక్టరమ్మతో మాటల్లో ఆ సంగతి చెప్పాను.

"అది మెదడు కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తదంటరు. కొందరికి మత్తు గూడ వస్తది. డ్యూటీకి ముందు ఎందుకిచ్చినవమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది నీ మాట. "దిగే ముందు ఇయ్యకు బిడ్డా. భయమున్నోడే కప్పు పగిలే చప్పుడు వింటడు."

బాయి గేటు దాకా ఉరికాను.

"లోపలికి ఫోను చేయిస్తనక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడు గేటు దగ్గరి మనిషి. ఏ కబురూ రాలేదు. మూడింటికి షిఫ్టు అయిపోయిన సైరన్ మోగేదాకా ఎండలోనే నిలబడ్డాను. ఒక్కొక్కరే పైకొస్తున్నారు, అందరి ముఖాలదీ ఒకటే నలుపు. అందరికంటే చివర అతను.

"పాలు తాగినవా?"

"పారబోసిన. దిగే ముందు తాగొద్దని మా అవ్వ నాకు చెప్పలే?"

నాకొక్కదానికే చెప్పావనుకున్నాను అత్తమ్మా.

ఇంటికొచ్చి నేను పాలలో పొడి కలపబోతే సగం గట్టు మీదే ఒలికింది. నా చేతిలోంచి చెంచా తీసుకుని, తన గ్లాసుతో పాటు నాకోసం రెండో గ్లాసు కూడా అతనే కలిపాడు.