ముద్ర లేని గంటను తిరిగి ఇప్పించుట గురించి

వైర్‌లెస్ పరికరాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
పెదకాకాని వాస్తవ్యురాలు, మిర్చి తొడిమలు తీయు కూలీ షేక్ అమీర్‌బీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గత నెల నేనిచ్చిన ఫిర్యాదును నేనే వెనక్కి తీసుకొనుట, తమరు స్వాధీనపరచుకొన్న గంటను, గేటు రిమోట్‌ను ఎవరివి వారికి ఇప్పించుట గురించి.

1. నా భర్త జాన్ బాషా మిర్చి టిక్కీలు, అనగా బస్తాలు, మోసిన హమాలీ. రెండేళ్ల క్రితం పక్షవాతము వచ్చి మంచమున పడియున్నాడు. ఎడమ చెయ్యి మాత్రము ఆడును. మా ఇంటికి రోడ్డు అవతలనే కోల్డ్ స్టోరేజీ. నేను అక్కడి షెడ్డులో పని చేయుదును. అవసరమైనప్పుడు నన్ను పిలుచుటకు గాను వైర్‌లెస్ కాలింగ్ బెల్లు ఒకటి కొని, బటన్ ఆయన దిండు పక్కన, గంట నా మెడలో ఉంచడమైనది. అది కోయిల కూత కూయును.

2. సీజన్ మొదలై లారీలు రావడంతో ఆ కోయిల రోజుకు నలభైసార్లు కూయసాగెను. కూసినప్పుడల్లా లేచి, కారం చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, రోడ్డు దాటి ఇంటికి పరుగెత్తితిని. మేస్త్రీ బుల్లయ్య గారు "ఏందమ్మా అమీర్‌బీ, తొడిమలు తీస్తన్నావా, పరుగు పందెం ఆడతన్నావా?" అని అందరి ముందూ అనేవారు. రోగి పిలుపు గనుక ఆపలేదు. వెళ్లిన ప్రతిసారీ నా భర్త మంచినీళ్లు అడిగేవాడు. మనిషికి ఇంత దాహమేమిటని విసుక్కున్నాను. ఒకటి రెండుసార్లు గ్లాసు విసురుగా పెట్టాను కూడా. అది ఫిర్యాదులో రాయలేదు.

3. లారీల కొరకు కోల్డ్ స్టోరేజీ గేటును రిమోట్‌తో తెరిచినప్పుడు కూడా నా గంట మోగుతున్నట్లు అనుమానము కలిగి, ఏది గేటు పిలుపో, ఏది నా భర్త పిలుపో తేల్చవలసినదిగా తమకు ఫిర్యాదు చేసియుంటిని. తమ సిబ్బంది జీపులో యాంటెన్నాతో వచ్చి తేల్చినారు. గేటు రిమోట్‌కు ధ్రువీకరణ ముద్ర లేదనీ, ఉండవలసిన దానికంటే ఎక్కువ తరంగాలు వదులుతున్నదనీ చెప్పి తీసుకొన్నారు. నా గంటకూ ముద్ర లేదని దానినీ తీసుకొన్నారు. రశీదు ఇచ్చినారు. వారిని తప్పు పట్టడం లేదు.

4. ఆ రోజు ఇంజినీరమ్మ అలేఖ్య గారు నోటుపుస్తకం తెరిచి, "బాబాయ్ గారూ, రోజుకి ఎన్నిసార్లు నొక్కుతారండీ?" అని మా ఆయనను అడిగారు.

"ఒక్కసారీ నొక్కలేదమ్మా. ఎందుకు, పని చెడగొట్టటం?" అన్నాడు.

"మరి వచ్చినప్పుడల్లా నీళ్లడిగేవాడివి గదయ్యా!" అన్నాను.

"ఎండలో ఉరుక్కుంటా వచ్చినదానివి, ఏమీ వద్దంటే ఏం బాగుంటది? నన్ను చూడబుద్దేసి వస్తన్నావనుకున్నా."

అలేఖ్య గారు ఆ గడిలో సున్నా వేశారు. నేను దొడ్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను. అప్పటికే అవి కడిగి ఉన్నాయి.

5. ముద్ర ఉన్న గంట కొనుక్కోమని తమ నోటీసులో సెలవిచ్చినారు. అటువంటిది బటన్ నొక్కినప్పుడే మోగునట. అయ్యా, ఆయన నొక్కడు. నాలుక పిడచకట్టినా నొక్కడు. ఎన్నిసార్లు చెప్పినా "సరేలే" అంటాడు, నొక్కడు. గంట లేకుండా లేస్తే బుల్లయ్య గారు "గంటా లేదు గింటా లేదు, కూర్చో" అంటున్నారు. సాయంత్రం దాకా కదలకుండా తొడిమలు తీస్తున్నాను. నా బుట్టలు మునుపెన్నడూ లేనంతగా నిండుతున్నాయి. వాటిని చూస్తే ఏడుపొస్తోంది.

6. కావున తమరు దయతలచి, లారీలు వచ్చే ఈ రెండు నెలలపాటైనా ఆ రెండు పరికరములకు మినహాయింపు ఇప్పించవలెను. వాటివలన ఇబ్బంది కలిగినది నాకే. ఆ ఇబ్బంది నాకు సమ్మతమే.

రాసి రాసి చెయ్యి పీకుతున్నది. మిగిలినది తమరే గ్రహించి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ అమీర్‌బీ

తా.క.: నిన్న మధ్యాహ్నం లారీ హారన్ వినపడగానే, గంట మోగిందని బుల్లయ్య గారితో చెప్పి లేచాను. ఆయన ఖాళీగా ఉన్న నా మెడకేసి చూసి, "పోయిరా" అన్నారు. రోజూ ఇలా అబద్ధమాడలేను గనుక ఆ రెండూ తప్పక ఇప్పించండి. ఇంటికి వెళితే మా ఆయన, "గంట లేదుగా, ఎట్టా వచ్చావే?" అన్నాడు. "చూడబుద్దేసింది" అన్నాను. ఈసారి మంచినీళ్లు అడగలేదు.