అమ్మ కట్టు

తెనాలి,
11-2-1968

అమ్మకు, మాణిక్యం దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. పెనుమూడిలో నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇది నీకు చదివి పెడుతున్న రిబ్కా టీచరమ్మ గారికి నమస్కారాలు.

నా దగ్గు సంగతి అడిగావు, తగ్గింది. నువ్వు పంపిన ఎండుచేపలు అందాయి. ఆ వాసనకి మా ఇంటావిడ శేషారత్నం గారు ముందు కిటికీలు మూసుకున్నారు, తర్వాత గిన్నె పట్టుకొచ్చారు.

నీ అల్లుడికి పెద్ద పని వచ్చింది. కొత్త గ్రంథాలయం ముందు నిలబెట్టడానికి బిడ్డనెత్తుకున్న తల్లి విగ్రహం. ముందు మట్టితో చేసి తర్వాత సిమెంటులో పోస్తారు. ముఖం చూస్తే పలకరించాలనిపించేది. చిక్కంతా చీర దగ్గరే వచ్చింది. కుచ్చిళ్ళు పాదాల దాకా ఇస్త్రీ చేసినట్టు వరసగా దింపారు.

"ఈవిడ అడుగెయ్యలేదండి" అన్నాను. ఆయన అన్నం మానేసి కూర్చున్నారు. కాసేపటికి, "మరి నడిచే మనిషి చీర ఎట్టా ఉంటది?" అని అడిగారు.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. నెత్తిన గంపతో రేవు నీళ్ళలోంచి నడిచొచ్చేటప్పుడు నీ గోచీ కట్టు, పిక్కల మీదికి బిగిసిన అంచు, నడుం చుట్టూ తిప్పి దోపిన పైట. నీ కట్టులో ఒక్క మడత కూడా ఊరికే ఉండదు. అది ఎంత అందమో చిన్నప్పుడు నాకు తెలియలేదు. మట్టిలో ఒక్కో మడతా తేలుతుంటే నాకు ఏడుపొచ్చింది.

నా దగ్గరుండిపోయిన నీ ఆకుపచ్చ నేతచీర ఎప్పుడు పంపుతావని పోయిన ఉత్తరంలో అడిగావు. ఉతకడానికి తీరిక లేదని దాటేశాను. అసలు సంగతి, దాన్ని తడిపి నీలాగే కట్టుకుని నేను నిలబడితే, ఆయన చూసి చేశారు. విగ్రహానిది నీ కట్టే. ముందే అడిగితే ఒప్పుకోవని చెప్పలేదు.

మా పెళ్ళయిన కొత్తలో నువ్వు వచ్చినప్పుడు మా వీధిలో ఎవరో నీ కట్టు చూసి నవ్వారు. "కుచ్చిళ్ళు పోసుకోడం నేర్చుకున్నాక వస్తాలే" అని వెళ్ళినదానివి, మళ్ళీ మా గడప తొక్కలేదు. మొన్న శేషారత్నం గారు సిమెంటులో పోసిన విగ్రహం చుట్టూ తిరిగి, "ఎంత నిండుగా ఉందమ్మా, ఈ కట్టు ఎవరిది?" అన్నారు. "మా అమ్మదండి" అన్నాను. ఆ మాట అంత గర్వంగా ఎప్పుడూ అనలేదు.

టీచరమ్మ గారూ, ఈ ముక్క నిదానంగా చదవండి. అమ్మా, వచ్చే ఆదివారం ఆవిష్కరణ. విగ్రహం ముసుగుకి పట్టుగుడ్డ తెస్తామని గ్రంథాలయం పెద్దలంటే, నీ అల్లుడు వద్దని నీ చీరే కప్పారు. దాన్ని నీ చేత్తోనే తీయించాలని వాళ్ళని ఒప్పించారు కూడా. నీ చీర నీకు కావాలంటే తమ్ముణ్ణి తోడు తీసుకుని రేపల్లెలో రైలెక్కు. రోజూ ఎలా కట్టుకుంటావో అలాగే కట్టుకుని రా.

ఇట్లు,
నీ కట్టు నేర్చిన కూతురు
మాణిక్యం