సగటు కన్నా తక్కువ

మే 6

వాన. ఇక్కడ మే అంటే చలికాలం. తరగతి గదిలో స్టవ్ ఉంది, కట్టెలు తడిసిపోయాయి, పొగ తప్ప వేడి లేదు. రోబోటిక్స్ క్లబ్బుకి ఆరుగురు పిల్లలు వచ్చారు. బీరువాలో పనిచేసే మోటార్లు రెండు. ఒకటి ముందుకే పోతుంది, రెండోది దానిష్టం.

ఆగస్టులో కాస్త్రో పట్నంలో సైన్సు ప్రదర్శన. ఈసారి విషయం, మీ ఊరి సమస్యకు మీ యంత్రం. మన ఊరి సమస్యలకి రెండు మోటార్లు చాలవర్రా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నయారెత్ చెయ్యెత్తి, రోజుకి ఎంత చేస్తుందో మా నానమ్మకే తెలీదు, తను పనిచేసే బల్ల దగ్గర తూకం పెడదాం ప్రొఫే అంది. ఇక్కడ టీచర్ని అలాగే పిలుస్తారు.

నయారెత్ ఏడో తరగతి. నేను చెప్పింది నమ్మదు, తనే ఓసారి చేసి చూసుకుంటుంది. వాళ్ల నానమ్మ ఎదెల్మిరాది ఆల్చిప్పల ప్లాంటులో పని. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే. ఆ ముసలామె పనికి వెళితేనే పొయ్యి వెలుగుతుంది.

క్లాసులో ఇప్పుడు సగటు పాఠం నడుస్తోంది. పుస్తకంలో ఎవడో కొట్టిన గోల్స్‌కి సగటు కట్టాలి. నేను ఈ చిలోయే దీవికి వచ్చినప్పటి నుంచీ అవే గోల్స్. విసుగొచ్చింది. ఈ ఏడు నిజం లెక్కలే కట్టిస్తాను.

మే 20

ప్లాంటు ఇంజనీరు ఉర్సుయా ఒప్పుకున్నాడు. అడిగీ అడగ్గానే ఒప్పుకునేసరికి మంచివాడనిపించింది.

చిన్న ప్లాంటు. చిప్పలు ఒలిచే బల్ల ఒక్కటే. దాని చుట్టూ ఎనిమిదిమంది ఆడవాళ్లు. ఉడికిన ఆల్చిప్పల్ని కుప్పగా పోస్తారు, వీళ్లు చిన్న కత్తితో విప్పి లోపలి కండని ట్రేలో వేస్తారు. సాయంత్రం బల్ల మొత్తానికి ఒకటే తూకం. వచ్చిన కూలి ఎనిమిది సమభాగాలు. మేం ఒక్కో ట్రే కింద ఒక్కో సెన్సర్ పెట్టాం.

ఎందుకమ్మాయ్ విడివిడిగా, అంతా కలిపి తూస్తే పోదూ అంది ఎదెల్మిరా. విడి అంకెలు లేకపోతే సగటు రాదని చెప్పాను. సర్లే, పిల్ల చదువు కోసమేగా అని నవ్వింది. ఆమె వేళ్లు కణుపుల దగ్గర వాచి వంకర తిరిగాయి.

పక్కన రోసాల్బా ఉంది. బల్ల మొత్తమ్మీద చురుకైన చెయ్యీ ఆమెదే, చురుకైన నోరూ ఆమెదే. ఏదో కబురు చెబుతూనే ఎదెల్మిరా ట్రేలోకి రెండు గుప్పిళ్లు విసిరింది. అలా వెయ్యకండి, డేటా పాడవుతుంది అన్నాను. ఎనిమిదిమందీ కత్తులాపి నా వంక చూశారు. ప్రొఫే గారి డేటాకి జలుబు చేస్తుందటే, ఎవరిది వాళ్లే వేసుకోండి అంది రోసాల్బా. తూకాలున్నన్నాళ్లూ అలాగే వేసుకుంటామన్నారు, పిల్లల కోసం.

జూన్ 12

పనిచేసింది. స్క్రీన్ మీద ఎనిమిది స్తంభాలు, వాటి మీదుగా సగటు ఎర్ర గీత. ట్రేలో కాస్త కండ పడితే చాలు, గీత కదులుతుంది. పిల్లలు స్టవ్ దగ్గరికి వెళ్లడం కూడా మరచిపోయారు. సగటంటే ఏమిటని అడిగితే ఆరుగురూ చెప్పారు, ఎవరి మాటల్లో వాళ్లు. ఒక పాఠం అందరికీ ఎక్కడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

అన్నిటికన్నా చిన్న స్తంభం ఎదెల్మిరాది. నానమ్మలాగే పొట్టిగా ఉంది అని నయారెత్ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆగస్టు 22

మొదటి బహుమతి. ఉర్సుయా అతిథిగా వచ్చాడు. మా బల్ల ముందు నుంచి కదలలేదు. తూకాలు ప్లాంటుకి ఇచ్చెయ్యండి, బడికి కొత్త కిట్లు కొనిస్తాను అన్నాడు. ప్రోగ్రాంతో సహా ఇచ్చేశాను. ఇక బీరువా నిండా మోటార్లు. తిరుగు బస్సులో పిల్లలు పాడుతూనే ఉన్నారు, గొంతు రానివాళ్లు కూడా. నా గొంతూ పోయింది.

సెప్టెంబరు 3

ప్రదర్శన అయిపోయినా ప్లాంటులో తెర మీద ఎర్ర గీత తియ్యలేదట.

సెప్టెంబరు 5, మధ్యాహ్నం

నోటీసు పెట్టారు. ఇకమీదట ఎవరి ట్రేకి వాళ్ల కూలి. నెల చివరి రోజు తూకంలో ఎర్ర గీత కింద ఉన్నవాళ్లు అక్టోబరు నుంచి రానక్కర్లేదు.

రోసాల్బా పని బూట్లతోనే బడి గేటు దగ్గరికి వచ్చింది. పిల్లలకి లెక్కలు చెప్పమని జీతమిస్తే మా వేళ్లు లెక్కపెట్టావు గదమ్మా అంది. ఎదెల్మిరా చేతులు పోయి నాలుగేళ్లయిందట. ట్రే ఖాళీగా కనబడితే పని పోతుందని అప్పట్నుంచీ తలా గుప్పెడు ఆమె ట్రేలో వేస్తున్నారట. నాకు కాన్పయిన ఏడాది నాకు వేశారు, ఇంకోదాని మొగుడు సముద్రంలో పోయినప్పుడు దానికి వేశాం, బల్లంతా కలిపి తూచినన్నాళ్లూ ఎవడికీ తెలీలేదు, నువ్వొచ్చి బొమ్మ గీసి మరీ చూపించావు అంది.

నా కళ్ల ముందే విసిరింది ఆ రెండు గుప్పిళ్లు. నేనే ఆపాను. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

సెప్టెంబరు 9

ఉర్సుయా దగ్గరికి వెళ్లాను. సగటంటే కనీసం కాదు, ఎంత బాగా పనిచేసినా ఎవరో కొందరు దాని కింద ఉండాల్సిందే అని చెప్పాను. ఏడో తరగతి వాళ్లకి చెప్పినట్టు కాగితం మీద గీసి చూపించాను. అతనికి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది, మళ్లీ చెప్పడానికి ఏదైనా మిగిలేది. బాగా చెబుతారు ప్రొఫే, పిల్లలు అదృష్టవంతులు, కాఫీ తాగుతారా అన్నాడు.

సిగ్గులేకుండా తాగాను.

సెప్టెంబరు 12

క్లబ్బుకి నయారెత్ ఒక్కతే వచ్చింది. మిగతావాళ్ల తల్లులో పిన్నులో ఆ బల్ల దగ్గరే ఉన్నారు, పంపలేదు. కొత్త కిట్లు ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. వాటిని తిరిగిచ్చేద్దామంటే హెడ్మాస్టరు, ఇచ్చేస్తే వాళ్ల పని నిలుస్తుందా, అది చెప్పు ముందు అన్నాడు.

నయారెత్ ఒక ప్రోగ్రాం రాసింది. ఎనిమిది పేర్లు, ఎనిమిది అంకెలు. సగటు కట్టు, దాని కింద ఉన్నవాళ్లని తీసెయ్యి, మిగిలినవాళ్లకి మళ్లీ సగటు కట్టు, మళ్లీ తీసెయ్యి. కింద ఎవరూ లేనప్పుడు ఆగు. ఇది సరిగ్గా ఆగడం లేదు, తప్పెక్కడుందో చూడండి ప్రొఫే అంది.

తప్పు కోసం వెతికాను. మొదటి రౌండులో నానమ్మా ఇంకో ఇద్దరూ పోయారు. తక్కువవాళ్లు పోగానే సగటు పెరిగింది. నిన్నటిదాకా గీత పైన ఉన్నవాళ్లు కిందికి వచ్చారు. వాళ్లూ పోయారు. చివరికి రోసాల్బా ఒక్కతే మిగిలింది. వరసవరసా చదివాను. ఒక పిల్ల తప్పు చేసి ఉండాలని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. లూప్ చక్కగా రాసింది. నేనే నేర్పాను.

తప్పేం లేదని చెప్పాను. తలూపి ల్యాప్‌టాప్ మూసేసింది.

సెప్టెంబరు 18

జాతీయ పండుగ. వీధంతా మాంసం కూరి వేయించిన ఎంపనాడాల వాసన. నన్నెవరూ పిలవలేదు.

సెప్టెంబరు 22

నయారెత్ మొదటి పీరియడ్‌కి ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఒక చోట ఆగుతుంది ప్రొఫే అంది. ఎనిమిది అంకెలూ ఒకటే అయితే సగటూ అదే, దాని కింద ఎవరూ ఉండరు, మొదటి రౌండులోనే ఆగిపోతుంది. నడిపి చూపించింది. ఎవరూ పోకపోతే రావాలని తను రాసిపెట్టిన మాట వచ్చింది: అందరూ ఉంటారు.

నానమ్మకి చెప్పిందట, నానమ్మ రోసాల్బాకి చెప్పిందట. రోసాల్బా ఏమందని అడిగాను. దీనికి కంప్యూటరెందుకే, మేం ఇన్నేళ్లూ చేసిందదేగా, కాకపోతే గుప్పెడు పడగానే స్తంభం ఎగిరి తెలిసిపోతుంది, ఇక గుప్పిళ్లు వెయ్యలేం, చేతులే ఆపుకోవాలి అందట.

ఆశ పుట్టింది. దాచుకోవడమెందుకు, రాసుకుంటున్నాను.

సెప్టెంబరు 25

ఉర్సుయా ఫోన్ చేశాడు. మీ తూకాలు చెడిపోయాయి, ఎనిమిదీ ఒకే అంకె చూపిస్తున్నాయి, వచ్చి బాగుచెయ్యండి అన్నాడు.

సెప్టెంబరు 26

వెళ్లాను. అందరూ ఎదెల్మిరా వేగానికి పనిచేస్తున్నారు. ఆమె చిప్ప తీస్తే ఏడుగురూ తీస్తారు. ఆమె వేలు నొప్పెట్టి ఆగితే ఏడుగురూ ఆగుతారు. రోసాల్బా చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు పోబోయి ఆగుతోంది. ఎవరూ నా వైపు చూడలేదు.

సెన్సర్లన్నీ విప్పాను. నా తాళాలగుత్తి ఒక్కోదాని మీదా పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఉర్సుయా నా నెత్తి మీదే నిలబడి, మనుషులన్నాక కాస్త తేడా ఉండాలి కదండీ అన్నాడు. తేమ చేరింది, కొత్త సెన్సర్లు సాంతియాగో నుంచి రావాలి, అందాకా ఈ అంకెల్ని నమ్మడానికి లేదు, వీటిని పట్టుకుని ఎవర్నీ తియ్యకూడదు అన్నాను. ఇంత నున్నగా అబద్ధమాడగలనని నాకే తెలియదు. అతను సరేనన్నాడు.

నేను లేస్తుంటే రోసాల్బా తలెత్తకుండానే, డేటాకి జలుబు ముదిరినట్టుందే అంది. బల్ల చుట్టూ నవ్వారు. ఎదెల్మిరా కూడా.

అక్టోబరు 1

ఎదెల్మిరా పనికి వెళ్లింది. నయారెత్ నాకు ఆలుగడ్డ రొట్టె తెచ్చింది, నానమ్మ ఇచ్చిందట. ఇంకా వేడిగా ఉంది. క్లబ్బుకి నలుగురు వచ్చారు. కిట్ల కవర్లు చింపాం.

అక్టోబరు 17

ఫెర్రీ రేవులో ఉర్సుయా ఎదురయ్యాడు. సెన్సర్లు తెప్పించకండి, ఇక తూకాలతో పనిలేదు అన్నాడు. చిప్పలు ఒలిచే యంత్రం కావాలని మూడేళ్లుగా యజమానుల్ని అడుగుతున్నాడట, వాళ్లు ఒప్పుకోలేదట. మొన్న సెప్టెంబరు చివరి గ్రాఫ్ పంపాడు. ఎనిమిది స్తంభాలూ అంత పొట్టిగా, ఒకే ఎత్తున ఉండేసరికి వెంటనే డబ్బు మంజూరు చేశారు. తూకాలు సరిగ్గానే ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది లెండి, మీమీద కోపమేం లేదు, మీ గ్రాఫ్ లేకపోతే ఈ పని అయ్యేది కాదు అన్నాడు.

నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు.

నవంబరు 14

యంత్రం వచ్చింది. రేవులో దించుతుంటే పిల్లలు చూడ్డానికి పరుగెత్తారు. పిల్లలు కదా. నయారెత్ దాని చుట్టూ తిరిగి, చిప్ప తెరుచుకుందని దీనికెలా తెలుస్తుంది, కెమెరానా, బరువా అని దించేవాళ్లని అడిగింది. మంచి ప్రశ్న. ఒక్క క్షణం గర్వపడ్డాను. అవతలి పక్క ఎనిమిదిమంది ఆడవాళ్లు గొడుగుల్లేకుండా నిలబడి ఉన్నారు.

డిసెంబరు 2

యంత్రం మొదలైంది, బల్ల తీసేశారు. నయారెత్ ఇవాళ్టి అంకెలు పెట్టి ప్రోగ్రాం నడిపింది. ఎనిమిది సున్నాలు. సగటు సున్నా. దాని కింద ఎవరూ లేరు. మొదటి రౌండులోనే ఆగింది.

అందరూ ఉంటారు, అని వచ్చింది.