మేము దొంగనుకున్న ప్రోటీన్

కొత్తగూడెం,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన బావకు,

స్తుతి వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మ, నేను బాగున్నాం. పినపాకలో అత్తమ్మ కూడా కులాసా. పారాదీప్‌లో నీకు జ్వరం పూర్తిగా తగ్గిందనుకుంటాను. పోర్టులో క్రేన్ ఎక్కే ముందు కడుపు మాడ్చుకోకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అత్తమ్మ మోకాలు దవాఖానాలో చూపించాం. మందులు వాడుతోంది. చర్చికి ఆటోలో వెళ్లమంటే మాత్రం వినడం లేదు. ఇక నా పీహెచ్‌డీ ఎక్కడిదాకా వచ్చిందన్నావు. ఈ ఉత్తరం దానికోసమే. ఫోన్‌లో అయితే రెండో మాటకే అడ్డం పడతావు.

బావా, అంతా తిరగబడింది!

జన్యువు చెప్పేదాన్ని ఆర్‌ఎన్‌ఏ మోసుకొస్తుందని, దాన్ని చదివి కణం ప్రోటీన్ తయారుచేస్తుందని చెప్పాను కదా. కణాన్ని ఊరికే పెరగమని తరిమే ప్రోటీన్ ఒకటుంది. అది మితిమీరితే క్యాన్సర్‌కు దారి. దాని ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని కూర్చునే ఇంకో ప్రోటీన్ మీదే నా పని. అదే దగ్గరుండి ఎక్కువగా చదివిస్తోందని మూడేళ్లుగా నమ్మాను. దాన్ని తీసేస్తే క్యాన్సర్ కణాలు నెమ్మదిస్తాయని నలుగురిలో చెప్పాను కూడా.

తీసేశాను. పెంచే ప్రోటీన్ తగ్గలేదు సరికదా, రెండింతలు దాటింది! ట్యూబులు తారుమారు చేశానేమోనని ఏడుపొచ్చింది. మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి ట్యూబుల మీద గుర్తులు మా ల్యాబ్‌లో నాతో పనిచేసే ద్వాలి పెట్టింది, ఏది ఏదో నాకు తెలియకుండా. అయినా అదే ఫలితం. ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే ఏమీ పెరగలేదు. పెరిగింది దాన్ని చదవడమే. మా ప్రోటీన్‌ను కణాల్లో తిరిగి పెడితే తగ్గింది. ఆర్‌ఎన్‌ఏను పట్టుకోలేకుండా మార్చి పెడితే తగ్గలేదు. ద్వాలి నన్ను వాటేసుకుని ఎగిరింది. అది చదివించేది కాదు బావా, చదవనివ్వకుండా ఆపేది!

మా మేడమ్ కుర్చీలో కూలబడి, "కాపాడేదాన్నే చంపే మందు వెతుకుతున్నమా ఇన్నాళ్లూ?" అని పెద్దగా నవ్వింది.

ఆ సంతోషం పట్టలేకే శుక్రవారం హైదరాబాద్‌ నుంచి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. అమ్మ చింతచిగురు ఏరుతూ అంతా విన్నది.

"గట్లైతే గది మంచిదా, చెడ్డదా?"

"మంచిదేనమ్మా. మేమే దొంగనుకున్నం."

"అయ్యో పాపం," అంది అమ్మ, దాన్నెవరో పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టినట్టు.

పక్కింటి టైలర్ జానీ మియా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన భార్య బేగంకు రొమ్ము క్యాన్సర్ మందులు ఎక్కిస్తున్నారని నీకు తెలుసు.

"బేటీ, గది మా బేగంకు పనికొస్తదా?" అన్నాడు.

ఇప్పటికి ఇది ల్యాబ్ గిన్నెల్లో పెరిగిన కణాల్లో మాత్రమే చూశామని, మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుందని, రాకపోవచ్చు కూడా అని చెప్పాను. నేను తల దించుకున్నాను.

"అవ్ బేటీ, నిజం చెప్పినవ్," అన్నాడు. "మరి ఈడ కూసుని ఏం జేస్తున్నవ్? జల్దీ పో!"

బావా, ఇంక దాచలేను. మేడమ్ ఇంకో రెండేళ్లు ల్యాబ్‌లోనే ఉంటావా అని అడిగింది. నిన్ను ఒక్క మాట అడగకుండానే ఉంటానన్నాను. వచ్చే నెల పారాదీప్ టికెట్ రద్దు చేశాను. ఆ మర్నాడే నీ ఉత్తరం వచ్చింది, మనకోసం పెద్ద ఇల్లు కిరాయికి తీసుకున్నావని, కర్టెన్లు ఏ రంగువి కావాలని. చదివి బాగా ఏడ్చాను. అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. తిట్టు, పడతాను. నిన్ను అడగకపోవడం తప్పే. ఉంటానన్నది మాత్రం తప్పు కాదు.

ఈ సాయంత్రం బస్సుకే హైదరాబాద్ వెళ్తున్నాను. ఆ ఆపే ప్రోటీన్ ఉండగా కూడా క్యాన్సర్ కణాలు ఎందుకు ఆగడం లేదో వెతకాలి. నీకు సెలవు దొరికితే ఒక్కసారి ల్యాబ్‌కు రా, నా కణాలను నీ కళ్లతో చూద్దువు.

కర్టెన్లు పసుపు రంగువి వెయ్యి. ఆలస్యమైనా, పొద్దున్నే లేచి వాటిని తీసేది నేనే.

ఇట్లు,
నీ మాట వినని, నిన్ను విడవని భార్య,
స్తుతి